థెరపీ కోసం పొదిలి నుంచి కాపురం మార్చాలా?

మీరు రాసిన వివరాలను ముందుగా ఒకసారి క్లుప్తంగా చెప్పుకుంటాను, ఎందుకంటే నా సమాధానమంతా వాటి మీదే ఆధారపడి ఉంది. మీ ఊరు పొదిలి పక్కన. మీ వారు చీమకుర్తిలో గ్రానైట్ పనికి వెళ్తారు. బాబుకు ఇప్పుడు 26 నెలలు. 32 వారాలకే, కిలోన్నర బరువుతో పుట్టి, మూడు వారాల పాటు ఆసుపత్రిలో నవజాత శిశువుల ప్రత్యేక విభాగంలో ఉన్నాడు. 15వ నెలలో కూర్చున్నాడు. మోకాళ్ళ మీద పాకడం లేదు, మోచేతుల మీద ఒళ్ళు ఈడ్చుకుంటూ వెళ్తాడు. నిలబెడితే మునివేళ్ళ మీద నిలుస్తాడు, కాళ్ళు కత్తెరలా ఒకదాని మీదికి ఒకటి వస్తాయి. వచ్చిన మాటలు మూడు. ఒంగోలులో ఒక థెరపీ కేంద్రం వారు రోజుకు రెండు గంటల చొప్పున ఆరు నెలలకు డబ్బు ముందే కట్టమన్నారు. బంధువులు నెల్లూరులోనో చెన్నైలోనో ఇల్లు అద్దెకు తీసుకోమంటున్నారు. మీ అత్తగారు మూడేళ్ళు నిండేదాకా చూద్దామంటున్నారు. ఈ మూడింటిలో ఏది మంచిదని మీరు అడిగారు. బాబుకు వైకల్య ధ్రువపత్రం తీసుకోవాలా వద్దా అని కూడా అడిగారు.

మూడూ కాదన్నది నా అభిప్రాయం. నేను నెల్లూరులో ఇరవై మూడేళ్ళుగా పిల్లలకు ఫిజియోథెరపీ చేస్తున్నాను. ఉదయగిరి, పామూరు, కనిగిరి వైపు నుంచి తెల్లవారుజామున బస్సెక్కి వచ్చే తల్లులను చూస్తూనే ఇన్నేళ్ళూ గడిచాయి. నా అనుభవంలో తేలినది ఒక్కటే: థెరపీ కేంద్రం తల్లిదండ్రులు పని నేర్చుకునే చోటు, ఆ పని జరగవలసింది మాత్రం ఇంట్లో. ఇది అర్థమైతే కాపురం ఎక్కడ ఉండాలన్న ప్రశ్నకు జవాబు చాలావరకు దానంతట అదే దొరుకుతుంది. అయితే ఇంట్లో ఏం చేయాలో, ఎవరి దగ్గర నేర్చుకోవాలో, దానికి ముందు ఏ పరీక్షలు చేయించాలో వివరంగా చెప్పాలి.

మీ అత్తగారి మాటలో కొంత న్యాయం లేకపోలేదు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల వయసును, రెండేళ్ళు వచ్చేవరకు, ఎన్ని వారాలు ముందుగా పుట్టారో అన్ని వారాలు తగ్గించి లెక్కిస్తాం. మీ బాబు ఎనిమిది వారాలు ముందుగా పుట్టాడు కాబట్టి అతడు కూర్చున్నది 15వ నెలలో కాదు, సుమారు 13వ నెలలో అనుకోవాలి. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ప్రచురించిన లెక్కల ప్రకారం ఆరోగ్యంగా ఎదిగే పిల్లలు దాదాపు అందరూ తొమ్మిదిన్నర నెలల లోపే ఆసరా లేకుండా కూర్చుంటారు, పద్దెనిమిదో నెల లోపే నడుస్తారు. వారాలు తగ్గించి చూసినా బాబు ఆ గీత దాటిపోయాడు. వాళ్ళ నాన్న కూడా ఆలస్యంగానే నడిచాడని ఇంట్లో పెద్దవాళ్ళు అనడం సహజమే. అయితే ఆలస్యంగా నడిచే పిల్లవాడి కాళ్ళు మెత్తగా, మామూలుగా ఉంటాయి, కత్తెర పడవు. ఇక్కడ ఆలోచించవలసింది ఆలస్యం గురించి కంటే కాళ్ళలోని బిగువు గురించి.

నేను బాబును చూడలేదు కాబట్టి జబ్బు పేరు చెప్పను, చెప్పకూడదు కూడా. కానీ నెలలు నిండని పిల్లల్లో మెదడు లోపలి తెల్లని పొర దెబ్బతినే అవకాశం ఎక్కువనీ, కాళ్ళకు వెళ్ళే నరాల దారులు ఆ పొరలో దెబ్బ తగిలే చోటికి దగ్గరగా ఉంటాయనీ, అందువల్ల చేతులకంటే కాళ్ళలో బిగువు ఎక్కువగా కనిపించే సెరిబ్రల్ పాల్సీ (మెదడుకు తగిలిన దెబ్బ వల్ల ఒంటి కదలికలు దెబ్బతినే స్థితి) మిగతా పిల్లలకంటే వీరిలో ఎక్కువగా వస్తుందనీ మీరు తెలుసుకోవాలి. పిల్లల నరాల వైద్యుడు చూసి నిర్ధారించవలసిన విషయం ఇది. నిర్ధారణ కాగితం చేతికి వచ్చేదాకా థెరపీ ఆపవలసిన పని లేదు. పేరు ఏదైనా, బాబు ఈ నెలలో నేర్చుకోవలసినవి మారవు. ఇంకొక మాట. మీ ప్రాంతంలో పిల్లల కాళ్ళ గురించి ఎవరు ఏం చెప్పినా చుట్టుపక్కల వారు ఫ్లోరైడ్ నీళ్ళ వల్లేనంటారు. కనిగిరి వైపు ఆ బాధ నిజంగానే ఉంది, ఎముకలు వంగి మోకాళ్ళు దగ్గరకు వచ్చిన పిల్లలను నేనే ఎందరినో చూశాను. కానీ ఫ్లోరైడ్ పాడుచేసేది ఎముకను. కండరంలో ఇలాంటి బిగువు, మునివేళ్ళ మీద నిలబడడం దాని లక్షణాలు కావు. మంచి నీళ్ళు తాగించండి, తప్పకుండా తాగించండి, కానీ నీళ్ళు మార్చాం కదా అని ఊరుకోవద్దు.

థెరపీ మొదలుపెట్టే ముందు రెండు పరీక్షలు తప్పనిసరి. మొదటిది చెవులకు. నెలలు నిండకుండా పుట్టి ప్రత్యేక విభాగంలో ఉన్న పిల్లలకు వినికిడి లోపం వచ్చే అవకాశం మామూలు పిల్లలకంటే ఎక్కువ కాబట్టి, మాటలు మూడే ఉన్నాయంటే నోటి సంగతి చూడకముందే చెవి సంగతి తేల్చాలి. పిల్లవాడు నిద్రపోతుండగా తలకు తీగలు అంటించి చేసే బెరా అనే పరీక్షతో ఇది తెలుస్తుంది, నొప్పి ఉండదు. చప్పట్లు కొడితే తిరిగి చూస్తున్నాడు కదా అన్నది చాలదు, ఎందుకంటే పెద్ద శబ్దాలు వినబడుతూ మాటల్లోని సన్నని ధ్వనులు వినబడని పిల్లలు ఉంటారు. నా దగ్గరకు వచ్చిన ఒక పాపకు అంతకుముందు వేరొక చోట ఎనిమిది నెలల పాటు స్పీచ్ థెరపీ చేశారు. ఆ ఎనిమిది నెలల్లో ఎవరూ వినికిడి పరీక్ష రాయలేదు. రెండు చెవుల్లోనూ లోపం ఉందని తేలి, వినికిడి యంత్రం పెట్టిన మూడో వారంలో ఆ పాప వంటింట్లో కుక్కర్ కూతకు తల తిప్పింది. ఆ తల్లి ఎనిమిది నెలలు ఎందుకు పోయాయని అడిగితే నా దగ్గర జవాబు లేదు. రెండో పరీక్ష కళ్ళకు. మన దేశంలో 34 వారాలకు ముందు గానీ రెండు కిలోల కంటే తక్కువ బరువుతో గానీ పుట్టిన పిల్లలకు మొదటి నెల రోజుల్లోనే కంటి వెనుక పొర పరీక్ష చేయాలన్నది నియమం. మీ డిశ్చార్జి కాగితంలో అది జరిగినట్టు రాసి ఉందేమో చూడండి. జరిగినా ఇప్పుడు మళ్ళీ ఒకసారి చూపించండి, మెల్ల గానీ చూపులో లోపం గానీ ఉంటే నిలబడడం, వస్తువు అందుకోవడం కూడా దెబ్బతింటాయి.

ఇక థెరపీ అనే మాట గురించి. మన ఊళ్ళలో దీనిని ఎక్సర్‌సైజులనీ, కరెంటు పెట్టించడమనీ అంటారు, ఎవరు చేసినా ఒకటేననుకుంటారు. కూర్చోవడం, లేవడం, నిలబడడం, నడవడం ఫిజియోథెరపిస్టు పని. చేతితో అన్నం తినడం, చొక్కా విప్పడం, సరైన కుర్చీ అమర్చుకోవడం, ఆటలో చేతులు వాడడం ఆక్యుపేషనల్ థెరపిస్టు పని. స్పీచ్ థెరపిస్టు మాటలతో పాటు నమలడం, మింగడం కూడా చూస్తారు, చాలామందికి ఇది తెలియదు. కాలిని సరైన తీరులో పట్టి ఉంచే పట్టీలు (స్ప్లింట్లు), బూట్లు కొలిచి చేసేవారు వేరు, చదువు నేర్పే ప్రత్యేక ఉపాధ్యాయులు వేరు. మీ బాబుకు ఇప్పుడు వెంటనే కావలసింది ఫిజియోథెరపీ. దానికి కొద్దిగా ఆక్యుపేషనల్ థెరపీ తోడవ్వాలి. వినికిడి తేలాక స్పీచ్ థెరపిస్టు సలహా తీసుకోవాలి. అన్నీ ఒకేసారి, రోజూ, గంటల తరబడి అవసరం లేదు.

దీనికి లెక్క చెప్తాను. వారానికి మూడు రోజులు, రోజుకు ముప్పావు గంట చొప్పున కేంద్రానికి తీసుకువెళ్ళారనుకుందాం. మొత్తం రెండుంబావు గంటలు. పిల్లవాడు రోజుకు పన్నెండు గంటలు మెలకువగా ఉన్నా వారానికి 84 గంటలు. అంటే 81 గంటలకు పైగా బాబు మీ దగ్గరే ఉంటాడు. ఆ రెండుంబావు గంటల్లో నేను ఎంత బాగా నిలబెట్టినా, మిగిలిన 81 గంటలు చంకలోనో, ఉయ్యాలలోనో, కాళ్ళు వెనక్కి మడిచి కూర్చునో గడిపితే నా పని నీళ్ళలో పోసినట్టే. మెదడు తాను పదే పదే చేసినదాన్నే నేర్చుకుంటుంది, అందులోనూ పిల్లవాడు తనకు తానుగా, ఏదో ఒక వస్తువు కోసం చేసినదాన్ని నేర్చుకుంటుంది. మనం కాలు పట్టుకొని వంచి చాచడం మన కదలిక అవుతుంది గానీ వాడి కదలిక కాదు.

ఈ మాట నేను పుస్తకం చదివి మాత్రమే చెప్పడం లేదు. మొదటి ఆరేడేళ్ళు నేను కూడా పిల్లల కాళ్ళు బలంగా సాగదీసేవాణ్ణి. ఏడ్చినా పట్టించుకోకూడదని తల్లులకు చెప్పేవాణ్ణి, చూడలేకపోతే బయట కూర్చోమనేవాణ్ణి. ఒకరోజు ఒక తల్లి, కొంచెం మొహమాటపడుతూ, తమ బాబు వీధిలో తెల్ల చొక్కా వేసుకున్న ఎవరిని చూసినా మంచం కింద దూరుతున్నాడని చెప్పింది. అంతటితో నాకు తెలిసివచ్చింది. భయపడి బిగుసుకున్న పిల్లవాడి కండరం ఇంకా బిగుస్తుంది. పైగా చేతితో రెండు మూడు నిమిషాలు సాగదీసి వదిలేస్తే ఆ పొడవు నిలవదు. పట్టీ వేసి గంటల తరబడి ఉంచడం, నిలబెట్టి ఉంచడం అంతకంటే మేలు చేస్తాయి. ఈ సందర్భంలోనే స్నానం పోసే ముసలమ్మ సంగతి కూడా చెప్పాలి. మెల్లగా నూనె రాయడం వల్ల నష్టం లేదు, బాబుకు హాయిగా ఉంటే రాయించండి. కానీ కాళ్ళు రెండూ విడదీసి లాగడం, మడమను గట్టిగా విరిచినట్టు వంచడం మాత్రం ఎవరినీ చేయనివ్వవద్దు. బిగువు ఉన్న పిల్లల్లో తుంటి ఎముక అప్పటికే కాస్త పక్కకు జరిగి ఉండవచ్చు, నిలబడని పిల్లల ఎముకలు బలహీనంగానూ ఉంటాయి.

ఇంట్లో చేయవలసిన వాటికి సామాను కొనవలసిన అవసరం పెద్దగా లేదు. పాత దుప్పట్లు రెండు గట్టిగా చుట్టి తాడుతో కట్టి, దాని మీద గుర్రమెక్కినట్టు కూర్చోబెడితే కాళ్ళు కత్తెర పడకుండా విడిగా ఉంటాయి. ముందు ఒక పీట మీద గిన్నెలు, గరిటెలు పెడితే వాడు రెండు చేతులతో ఆడుకుంటాడు. వెన్ను నిలవకపోతే గోడ మూలలో కూర్చోబెట్టండి. కాళ్ళు వెనక్కి రెండు పక్కలకు మడిచి కూర్చోవడం ఈ పిల్లలకు సులువు కాబట్టి అలాగే కూర్చుంటారు. కూర్చున్న ప్రతిసారీ తిట్టి లేపకండి, చిన్న ముక్కాలి పీట దగ్గర ఉంచి దాని మీదికి మార్చండి. పీట ఎత్తు వాడి పాదాలు నేలకు పూర్తిగా ఆనేంత ఉండాలి. ఆ పీట మీద నుంచి మంచం పట్టె పట్టుకొని లేవడం, మళ్ళీ కూర్చోవడం నా దృష్టిలో ఈ వయసు పిల్లలకు అన్నిటికంటే మంచి వ్యాయామం. దానిని వ్యాయామంలా చేయించకండి. వాడికి ఇష్టమైన వస్తువు మంచం మీద పెట్టండి, తీసుకుంటాడు, మళ్ళీ పెట్టండి. పొద్దున పది, సాయంత్రం పది సార్లు లేచినా నెలకు ఆరు వందల సార్లు అవుతుంది. ఏ కేంద్రంలోనూ ఇన్నిసార్లు లేపరు.

నిలబడడం విడతలు విడతలుగా మొత్తం రోజుకు ఒక గంట దాకా ఉండేలా చూడండి, మడమలు నేలకు ఆనేలా పట్టీలు వచ్చాకే ఈ గంట లెక్క మొదలవుతుంది. అన్నం తినేటప్పుడు ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టి పెట్టకండి, నిటారుగా కూర్చోబెట్టండి. ఇడ్లీ ముక్క, అరటిపండు ముక్క వాడి చేతికే ఇవ్వండి, నేల పాడైతే తుడుచుకోవచ్చు. తినేటప్పుడు తరచుగా దగ్గు వస్తున్నా, జలుబు ఛాతీకి దిగడం పదే పదే జరుగుతున్నా అది మింగడంలో లోపం కావచ్చు, థెరపిస్టుకు చెప్పండి. చొక్కా విప్పేటప్పుడు చివరి చేయి వాడినే లాగుకోనివ్వండి. స్నానం, బట్టలు, తిండి, దొడ్లో ఆట అన్నీ రోజూ ఎలాగూ జరిగేవే కాబట్టి వీటికి వేరే సమయం కేటాయించనక్కరలేదు, జరిగే తీరు మారితే చాలు. బాబును ఎత్తుకోవడం తగ్గించమని మీ అత్తగారికి చెప్పడం కష్టమని నాకు తెలుసు. అందుకే ఆవిడను కూడా ఒకసారి థెరపిస్టు దగ్గరకు తీసుకువెళ్ళండి. కోడలు చెప్తే విననిది డాక్టరు గారి మాటగా వింటారు. పైగా పగలంతా బాబు దగ్గర ఉండేది ఆవిడే కదా.

మాటల విషయంలో వినికిడి బాగుందని తేలితే చేయవలసింది కూడా ఇంట్లోనే ఎక్కువ. నీళ్ళు కావాలా, పాలు కావాలా అని రెండు గ్లాసులూ చూపించి అడిగి, మనసులో పది అంకెలు లెక్కపెట్టేదాకా ఆగండి. మనలో చాలామంది రెండు అంకెలు కూడా ఆగరు, జవాబు మనమే చెప్పేస్తాం. చూపుతో చెప్పినా, వేలితో చూపినా, బొమ్మ ముట్టుకున్నా అది జవాబుగానే తీసుకొని వెంటనే ఇవ్వండి, ఇస్తూ ఆ మాట మీరు అనండి. సైగలూ బొమ్మలూ అలవాటైతే మాటలు రావన్న భయం సరైంది కాదు. ఫోనులో ఇంగ్లీషు రైములు పెట్టి అన్నం పెట్టే అలవాటు ఉంటే మానిపించండి. ఇంట్లో మాట్లాడే తెలుగే వాడికి చాలు.

ఇప్పుడు ఎక్కడికి వెళ్ళాలన్నది. నెల్లూరులో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఒకటి ఉంది, సీఆర్‌సీ అంటారు, అంటే దివ్యాంగుల నైపుణ్యాభివృద్ధి, పునరావాస, సాధికారత సంయుక్త ప్రాంతీయ కేంద్రం. సికింద్రాబాదులోని ఎన్ఐఈపీఐడీ (మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే జాతీయ సంస్థ) ఆధ్వర్యంలో నడుస్తుంది. 2021 జూన్‌లో దేశం మొత్తం మీద 14 చోట్ల ఆరేళ్ళ లోపు పిల్లల కోసం సత్వర చికిత్సా కేంద్రాలు ప్రారంభించినప్పుడు వాటిలో నెల్లూరు కూడా ఉంది. ఫిజియో, ఆక్యుపేషనల్, స్పీచ్, మానసిక నిపుణులు ఒకే చోట చూడడం దాని వల్ల కలిగే పెద్ద ప్రయోజనం, ఎందుకంటే బయట ఒక్కొక్కరి దగ్గరకు ఒక్కొక్క రోజు తిరగాలి, ఒకరు చెప్పింది మరొకరికి తెలియదు. మీకు దగ్గరలో ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి ఉంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ళ వరకు ఎదుగుదల లోపాలను గుర్తించి ఉచితంగా వైద్యం అందించాలి. అక్కడ పిల్లల విభాగంలో ఆ కార్యక్రమం పేరు చెప్పి అడగండి, బెరా పరీక్షకూ కంటి పరీక్షకూ చీటీలు అక్కడే రాయించుకోండి. మీ అంగన్‌వాడీ టీచరుకు కూడా చెప్పి పేరు నమోదు చేయించండి. మూడేళ్ళు వచ్చాక బాబును అంగన్‌వాడీకి పంపే హక్కు మీకుంది, నడవడం లేదని వద్దనడానికి వీల్లేదు. బడి వయసు వచ్చేసరికి మండలాల్లో సమగ్ర శిక్ష కింద ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రం ఉపయోగపడుతుంది, ఫిజియోథెరపిస్టు ఏ రోజు వస్తారో మండల విద్యాశాఖాధికారి (ఎంఈఓ) కార్యాలయంలో తెలుసుకోవచ్చు. ప్రభుత్వ చోట్ల రద్దీ ఉంటుంది, ఒక్కోసారి వెళ్ళిన రోజు మనిషి ఉండరు, అది నిజమే. అందుకే ముందుగా ఫోను చేసి బయలుదేరండి. కానీ ఉచితం కాబట్టి నాసిరకమని ముందే అనుకోకండి, నేను మెచ్చుకునే థెరపిస్టుల్లో సగం మంది ప్రభుత్వ కేంద్రాల్లో పని చేసినవారే.

నా సూచన ఇది. ముందు నెల్లూరు సీఆర్‌సీలో రెండు మూడు రోజులు ఉండేలా వచ్చి పూర్తి పరీక్ష చేయించుకొని, ఇంట్లో చేయవలసిన పని మీ చేతులతో చేసి చూపించి, సరిగా చేస్తున్నారని వారు చెప్పాకే తిరిగి వెళ్ళండి. ఆ తరువాత వారానికి ఒకరోజు ఒంగోలులో ఫిజియోథెరపీ. పొదిలి నుంచి ఒంగోలు సుమారు యాభై కిలోమీటర్లు, వారానికి ఒకసారి మోయగల ప్రయాణమే. ఆరేడు వారాలకు ఒకసారి నెల్లూరు వచ్చి కార్యక్రమం మార్పించుకోండి. ఏడాదిలో రెండు విడతలు, ఒక్కో విడత రెండు మూడు వారాలు, వరుసగా రోజూ థెరపీ చేయించగలిగితే చాలా మంచిది. దాని కోసం బంధువుల ఇంట్లోనో, అద్దె గదిలోనో ఉండవచ్చు. కానీ కాపురమంతా మార్చి, మీ వారు చీమకుర్తిలో, మీరు నెల్లూరులో, అత్తగారు ఊళ్ళో ఉంటే ఇంటి ఖర్చు రెండింతలై, బాబును చూసే చేతులు మూడు జతల నుంచి ఒక జతకు తగ్గుతాయి. అలా వచ్చి, నాలుగో నెలలో నడుము నొప్పితో, అప్పుతో, థెరపీ మొత్తం మానేసి వెళ్ళిపోయిన తల్లులను నేను చూశాను. ఎవరినీ తప్పుపట్టలేం.

ఒంగోలు కేంద్రం సంగతి నాకు తెలియదు, మంచిదే కావచ్చు. కానీ ఆరు నెలల డబ్బు ముందే ఇవ్వకండి, నెల నెలా ఇస్తామని చెప్పండి. స్పీచ్ థెరపిస్టుకూ ప్రత్యేక ఉపాధ్యాయులకూ 1992 చట్టం ప్రకారం భారత పునరావాస మండలిలో నమోదు సంఖ్య ఉండాలి, చూపించమనండి, అందులో సిగ్గుపడవలసింది లేదు. ఫిజియోథెరపిస్టు బీపీటీ, ఆక్యుపేషనల్ థెరపిస్టు బీఓటీ చదివి ఉండాలి. బోర్డు మీద డిగ్రీ ఉన్నవారి పేరు రాసి, లోపల మూడు నెలల శిక్షణ పొందిన అమ్మాయి పిల్లలను పట్టుకోవడం ఈ మధ్య ఎక్కువైంది. థెరపీ జరుగుతున్నప్పుడు మిమ్మల్ని లోపల కూర్చోనివ్వకపోతే, ఎంత పేరున్న చోటైనా, బయటకు వచ్చేయండి. తలుపు మూసి చేసే థెరపీలో తల్లి నేర్చుకునేది ఏమీ ఉండదు.

థెరపిస్టును లక్ష్యం రాసి ఇమ్మని అడగండి. బాబు నడవాలన్నది కోరిక, లక్ష్యం కాదు. ఆరు వారాల్లో పీట మీద నుంచి మంచం పట్టె పట్టుకొని ఎవరూ ముట్టుకోకుండా లేవాలి, లేదా గ్లాసు రెండు చేతులతో పట్టుకొని సగం నీళ్ళు తాగాలి, ఇలా ఉండాలి లక్ష్యం. ఒకేసారి రెండుకు మించి వద్దు. ఒక నోటు పుస్తకంలో రాసి, ప్రతి నెలా ఒకే తేదీన, ఇంట్లో ఒకే చోట, ఫోనుతో రెండు నిమిషాల వీడియో తీయండి. రోజూ చూసే కళ్ళకు మార్పు కనబడదు, వీడియోలో కనబడుతుంది. మూడు నెలలు వరుసగా వీడియోలో ఏ తేడా లేకపోతే తప్పు బాబుది కాదు, పథకం మార్చమని అడగండి.

నడుస్తాడా అన్నది మీరు రాయలేదు గానీ ప్రతి వాక్యం వెనుకా అదే ఉందని నాకు అర్థమైంది. ఇలాంటి పిల్లల్లో రెండేళ్ళ లోపు ఆసరా లేకుండా కూర్చున్నవారు, చాలామంది, కర్రతోనో వాకర్‌తోనో లేక ఏ సాయమూ లేకుండానో నడక దాకా వస్తారు. మీ బాబు కూర్చున్నాడు. ఇది మంచి సూచన, హామీ మాత్రం కాదు. నిర్ధారణ సెరిబ్రల్ పాల్సీ అని తేలితే జీఎంఎఫ్‌సీఎస్ అనే, పిల్లల కదలిక సామర్థ్యాన్ని చూపే ఐదు స్థాయిల కొలతలో బాబు ఏ స్థాయిలో ఉన్నాడో అడగండి. 1997లో కెనడాలో రూపొందిన ఈ కొలతను ఇప్పుడు ప్రపంచమంతా వాడుతోంది. స్థాయి తెలిస్తే ముందు ముందు ఏం ఆశించవచ్చో, దేనికోసం డబ్బు వృథా చేయకూడదో తెలుస్తుంది. అలాగే తుంటికి ఒక ఎక్స్‌రే తీయించండి. బిగువు కండరాలు తుంటి బంతిని మెల్లమెల్లగా గూటి నుంచి బయటకు లాగుతాయి, నొప్పి లేకుండానే లాగుతాయి, తెలిసేసరికి ఆపరేషన్ దాకా వస్తుంది. ఈ ఒక్క ఎక్స్‌రే రాయడం మన జిల్లాల్లో చాలామంది మరచిపోతున్నారు. పట్టీలు వేసిన కొత్తలో అరగంటకొకసారి తీసి చర్మం చూడండి. తీసిన అరగంటకు కూడా ఎరుపు పోకపోతే సరిచేయించండి. కాలు పెరుగుతుంది కాబట్టి ఏడాదిలోపే మార్చవలసి రావచ్చు. బిగువు తగ్గించే బొట్యులినం ఇంజెక్షన్ గురించి ఎవరైనా చెప్తే, దాని పని మూడు నాలుగు నెలలే ఉంటుందనీ, ఆ నెలల్లో థెరపీ, పట్టీలు గట్టిగా సాగితేనే ఉపయోగమనీ గుర్తుంచుకొని నిర్ణయించుకోండి. ముందు ముందు ఆపరేషన్ అవసరమైతే తిరుపతిలో తితిదే నడిపే బర్డ్ ఆసుపత్రి ఉంది.

మూలకణాల (స్టెమ్ సెల్) చికిత్స కోసం లక్షలు అడిగేవారు మీకు తప్పకుండా ఎదురవుతారు. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం కొన్ని రక్త సంబంధ వ్యాధులకు చేసే మూలకణ మార్పిడి తప్ప మిగిలినదంతా పరిశోధనే, దానికి రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. భూమి అమ్మి వచ్చిన వారు నాకు తెలుసు, ఆ పిల్లల్లో థెరపీతో వచ్చేదానికి మించి ఏమీ నేను చూడలేదు. ఎక్కువ ఒత్తిడితో ఆక్సిజన్ ఇచ్చే గదుల గురించి కూడా ఇంతే. ఇంకొకటి, ఫిట్స్ మందులు వాడుతున్న పిల్లలైతే ఏ నాటు వైద్యం కోసమూ ఆ మందు ఒక్క పూట కూడా ఆపకూడదు.

వైకల్య ధ్రువపత్రం తీసుకోవాలా వద్దా అన్న మీ సందేహానికి, తీసుకోండి అన్నదే నా సమాధానం. పెళ్ళిళ్ళ దాకా ఆలోచించి, ముద్ర పడుతుందని బంధువులు వద్దంటారు. రెండేళ్ళ పిల్లవాడికి ఆ కాగితం వల్ల కలిగే నష్టం ఏదీ నేను చూడలేదు, లేనందువల్ల కలిగిన నష్టం మాత్రం చాలా చూశాను. సచివాలయంలో అడిగి వైకల్య శాతం నిర్ధారించే సదరం శిబిరానికి తేదీ తీసుకోండి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, 40 శాతం, ఆపైన ఉంటే చాలా సదుపాయాలు వర్తిస్తాయి. మన రాష్ట్రంలో దివ్యాంగుల పింఛను 2024 జూలై నుంచి నెలకు 6,000 రూపాయలు. అర్హత వస్తే మీ బస్సు ఛార్జీలు, పట్టీల ఖర్చు అందులోంచే వెళ్ళిపోతాయి. సెరిబ్రల్ పాల్సీ, ఆటిజం, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్టు నిరామయ అనే ఆరోగ్య బీమా ఇస్తుంది, ఏడాదికి లక్ష రూపాయల వరకు. ఆసుపత్రిలో చేరకుండా తీసుకునే థెరపీకి కూడా అందులో చోటుంది, రసీదులు దాచుకోవాలి.

నెల్లూరు వచ్చేటప్పుడు పుట్టినప్పటి డిశ్చార్జి కాగితం అసలుదీ, నకలూ రెండూ తెచ్చుకోండి. టీకాల కార్డు, ఇప్పటిదాకా తీసిన స్కానింగులు, వాడిన మందుల చీటీలు ఒకే సంచిలో పెట్టండి. ఇంట్లో బాబు ఒళ్ళు ఈడ్చుకుంటూ వెళ్ళే వీడియో, తినే వీడియో ఒక్కొక్కటి తీసి ఉంచండి, కొత్త చోట పిల్లలు బిగుసుకుపోయి ఏమీ చేయరు. బాబు మధ్యాహ్నం ఏ సమయంలో నిద్రపోతాడో చెప్పి, అది కాని వేళకు రమ్మనమని అడగండి. బెరా పరీక్షకైతే అదే నిద్ర వేళకు అడగండి. వీలైతే మీ వారు కూడా ఒకరోజు పని మానుకొని వస్తే బాగుంటుంది, ఎత్తుకోవడం, పట్టీలు వేయడం ఆయన కూడా అక్కడే నేర్చుకుంటారు.